అరసున్నా

పదహారేళ్ళ తరవాత
మళ్ళీ మార్కులేశారు నాకు.
జీలాంగ్ ఆసుపత్రి మూడో అంతస్తులో,
కిటికీ బయట అఖాతం నీళ్ళని గాలి
దువ్వుతూ చెరుపుతూ ఉన్న పొద్దుట.

షుగరు? లేదు. సున్నా.
బీపీ? సున్నా.
ఇదివరకెప్పుడైనా పక్షవాతం? సున్నా.
వయసు ముప్పై ఏడు. దానికీ సున్నానే.
"ఆడవాళ్ళయితే పూర్వం ఒక మార్కు వేసేవాళ్ళం,
ఇప్పుడది తీసేశాం" అన్నాడు డాక్టరు.
ఆడపుట్టుక మీద పన్ను
ఈ ఒక్క పద్దులో రద్దయిందన్నమాట.

మొత్తం సున్నా.
రక్తాన్ని పలచన చేసే మాత్ర అక్కర్లేదు.
ఇంటికెళ్ళు, నిద్రపో, ఆర్నెల్లకి రా.
సున్నా వచ్చిందని సంతోషించాల్సిన పరీక్ష
బతుకులో ఇదే మొదలు.

ముందురోజు రాత్రి గిన్నెలు తోముతుంటే మొదలైంది.
దడ కాదు. దడకో వరస ఉంటుంది.
ఇది సన్నసెగ మీద ఎసరు,
పొంగదు, చల్లారదు,
గింజకీ గింజకీ పొంతన లేకుండా
అడుగునుంచి ఒకటే కుతకుత.
సబ్బుచేత్తోనే మణికట్టు పట్టుకున్నాను.
ఒకటి, రెండు,
మూడునాలుగు,

ఐదు.
ఎక్కాలు రాని పిల్లాడెవడో లోపల కూచుని
ఒప్పజెబుతున్నట్టు.

నా ఉద్యోగం రక్తం తీయడం.
రోజుకి నలభై చేతులు.
ఎర్రమూత గొట్టం ఊరికే నిలబెడితే చాలు
అరగంటలో గడ్డ.
ఊదామూత గొట్టాన్ని మాత్రం
మెల్లిగా ఎనిమిదిసార్లు తలకిందులు చెయ్యాలి.
కొత్తవాళ్ళకి నేర్పేది నేనే.
"పాలకైనా తోడు కావాలి గానీ
నిలవున్న రక్తానికి అక్కర్లేదు,
తనంతట తనే పేరుకుంటుంది."

గుండె పైగదిలో ఎడంపక్కన
చెవితమ్మె లాంటి చిన్నసంచి ఉందట.
పైగది వణుకుతున్నంతసేపూ
రక్తం అక్కడే కూర్చుండిపోతుందట,
పెళ్ళింట్లో ఎవరూ పలకరించని చుట్టంలా.
ఆ తరవాత చెప్పాపెట్టకుండా లేచి
తలదాకా పోతుందట.
నన్ను ఎనిమిదిసార్లు ఎవరు తిప్పుతారు?

నెలనెలా నా కుర్చీలో కూచుంటుంది టీగన్.
ముప్పై ఒకటి. పూలకొట్టు.
శనివారాలు పిల్లలకి నెట్‌బాల్ నేర్పేది.
కిందటి మార్చిదాకా ఆమెదీ సున్నానే.
కుతకుతని అలసట అనుకుంది.
ఓ పొద్దున లిల్లీల కట్టకి రిబ్బను అడగబోయి
"గురువారం" అంది.
మళ్ళీ అడగబోయి మళ్ళీ "గురువారం".
కత్తెర కిందపడి చప్పుడయ్యాక గానీ
జారింది తన చేతిలోంచేనని తెలియలేదట.

ఇప్పుడు ఎడంచెయ్యి చాపుతుంది.
సూది తీసి దూది అదిమాక నవ్వి
"గురువారం" అంటుంది.
థాంక్స్ అని.
నేనూ "గురువారం" అంటాను.

నూటికి ఎంతమందికి అవుతుంది, అడిగాను డాక్టర్ని.
"చాలా తక్కువ."
తక్కువంటే?
"చాలా."
ఆయన తప్పేం లేదు.
మాత్రకీ ఓ అపాయం ఉంది, నెత్తురు కారితే ఆగదు.
లెక్క సరిగ్గానే చేశాడు.
ఆ లెక్కలో టీగన్ కూడా
సరిగ్గానే ఉంది.

శనివారం ధృతి చేత తెలుగు రాయిస్తున్నాను.
రక్తం. ప్రాణం. భయం.
"చివర ఈ సున్నా ఎందుకమ్మా,
సున్నా అంటే ఏమీ లేనట్టు కదా?"
లేకుండా చదివి చూడు, అన్నాను.
ప్రాణ.
నోరు తెరుచుకునే ఉండిపోయింది.
సున్నా పెట్టు.
ప్రాణం.
పెదాలు మూసి నవ్వింది.

అచ్చుల పట్టిక కిందికి జారింది దాని వేలు.
"మరి ఈ సగం సున్నా?"
అది అరసున్నా. మా తాత రాసేవాడు,
దాఁగు, మూఁగ, ఆఁగు.
ఇప్పుడెవరూ రాయరు.
పలకరు కూడా.

"అయితే అది ఉన్నట్టా, లేనట్టా?"

పెన్సిలు పట్టుకున్న దాని చెయ్యి అందుకున్నాను
రాయించడానికన్నట్టు.
నా వేలు మణికట్టు మీద పడింది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
అరవైదాకా లెక్కపెట్టి
"రాయి" అన్నాను.